నానాదేశముల సంవత్సరాదులు – రైతు నేర్వదగిన పాఠము

చైత్ర శుద్ధ పాడ్యమినాడు తలంటుకొని, వేపపూత పచ్చడి నోట వేసికొని, సాయంకాలము గుడిముంగిటనో చావడి యరుగుమీదనో కూర్చుండి పంచాంగము వినుట మనవారి యాచారము. సిద్ధాంతిగారు ప్రతి రాశికిని ఆదాయ మింత, వ్యయ మింత యని చదువుచుండగా విన్నవారు వ్రేళ్లు మడచి లెక్కించుకొందురు. కొందరు సంతసింతురు, కొందరు నిట్టూర్పు విడుతురు. గ్రహముల వలన గలుగు ఆదాయవ్యయముల నింత శ్రద్ధగా వినువారము, నిరుడు మన పొలమువలన గలిగిన ఆదాయ మెంతయో వ్యయ మెంతయో వ్రాసి యుంచితిమా? ఈ ప్రశ్నకు సదుత్తర మీయగల సభ్యులు ప్రతి గ్రామమునను కొలదిమందియే యుందురు. కావుననే ఈ నెల పాఠమునకు సంవత్సరాదిని విషయముగా గైకొంటిమి.

లోకమునందలి వేర్వేరు జనులు సంవత్సరాది నెట్లు జరుపుకొందురో విచారించినచో, వేడుకలు వేఱువేఱైనను వాని యడుగున మూడు పనులు కానవచ్చుచున్నవి. మొదటిది, ఆకాశమునకును పొలమునకును పొత్తు కుదుర్చుట. రెండవది, విత్తనమును పశువును చూచుకొనుట. మూడవది, పాతబాకీ తీర్చి క్రొత్త లెక్క తెఱచుట. ఈ మూటిని వరుసగా వివరింతుము.

1. ఆకాశమునకును పొలమునకును పొత్తు

సూర్యుని గతిచొప్పున ఏడాదికి 365 దినములును సుమారు 6 గంటలును గలవు. చంద్రుని గతిచొప్పున పండ్రెండు నెలలకు 354 దినములే యగుచున్నవి. ఈ రెంటికిని నడుమ 11 దినముల వెలితి కలదు. ఋతువులును వర్షములును సూర్యుని ననుసరించి వచ్చును. పున్నమయు అమావాస్యయు చంద్రుని ననుసరించి వచ్చును. రైతునకు రెండును కావలెను. ఆ పదునొకండు దినముల నేమి చేయవలె నను చిక్కును ఏ జనులు ఏ రీతిగా విప్పుకొనిరో, వారి సంవత్సరాది యా రీతిగా నేర్పడినది.

మన పూర్వులు 32, 33 నెలల కొకమారు అధికమాసమును చేర్చి యా వెలితిని పూడ్చిరి. 2023 లో శ్రావణము రెండుమారులు వచ్చెను. 2026 మార్చి 19 న ఆరంభమగు పరాభవ సంవత్సరమునందు జ్యేష్ఠము రెండుమారులు వచ్చును. ఈ చేర్పు లేనిచో ఉగాది ఏటేట ముందునకు జరిగి, పదియేండ్లలో సంక్రాంతికంటె ముందే వచ్చి, పచ్చడికి వేపపూతయే దొరకకుండెడిది. అయినను ఒక్క మాట గుర్తుంచుకొనవలెను. అధికమాసమువలన ఏరువాక పున్నమ ఒక యేట ఆలస్యముగాను, మఱొక యేట త్వరగాను వచ్చును. కావున ఏరువాక తిథిని పండుగకు ప్రమాణముగా నుంచుకొని, విత్తుటకు మాత్రము నేల పదునునే ప్రమాణముగా గైకొనవలెను.

ముస్లిముల హిజ్రీ సంవత్సరము మొహర్రము మొదటి దినమున ఆరంభమగును. అది శుద్ధ చాంద్రమానము. అందు అధికమాసము లేదు. అందుచేతనే రంజాను ఉపవాసములు సుమారు 33 సంవత్సరములలో అన్ని ఋతువులను చుట్టి వచ్చుచున్నవి. మతధర్మమున కిది చక్కగా సరిపోయినను శిస్తు వసూలునకు సరిపడలేదు. పంట కోయకమునుపే శిస్తుగడువు వచ్చి కూర్చుండెడిది. అందువలన మొగలు చక్రవర్తియైన అక్బరు కాలమున పంట ననుసరించు వేఱొక సంవత్సర మేర్పడినది. అదియే ఫసలీ. ఫసల్ అనగా పంట. మదరాసు రాజధానిలో ఫసలీ తొలుత జూలై 12 తోను, 1855 నుండి జూలై 1 తోను ఆరంభమగుచు వచ్చినది. మన అడంగలులలోను పహాణీలలోను కానవచ్చు ఫసలీ లెక్క యిదియే. ఇంగ్లీషు సంవత్సరమునుండి 590 తీసివేసినచో ఫసలీ తేలును. 2025 జూలై 1 మొదలు 2026 జూన్ 30 వఱకు 1435 వ ఫసలీ.

ఈజిప్టు దేశమున, అనగా బైబిలులో చెప్పబడిన ఐగుప్తున, వర్షము మిక్కిలి తక్కువ. నైలునది వరదయే పూర్వము వారి కన్నము పెట్టినది. వేసవిలో వరద వచ్చు దినములకు, అంతకుముందు కొంతకాలము కానరాకపోయిన లుబ్ధక నక్షత్రము సూర్యోదయమునకు ముందు తూర్పున మఱల పొడసూపెడిది. ఆ దినమే వారి సంవత్సరాది. వరదకాలము, మొలకకాలము, కోతకాలము అని నాలుగేసి నెలల మూడు ఋతువులుగా వారు ఏడాదిని విభజించుకొనిరి. కాని ఏడాదికి సరిగా 365 దినములే యుంచి, నాలుగేండ్ల కొక దినము చేర్పకపోవుటచే వారి పంచాంగము క్రమముగా వరదను విడిచి జరిగిపోయెను. తరువాత ఆ లోపము సవరింపబడినది. నేటి కాప్టిక్ క్రైస్తవుల సంవత్సరాది సాధారణముగా సెప్టెంబరు 11 న వచ్చుచున్నది. అస్వాను నొద్ద పెద్ద ఆనకట్ట 1970 లో పూర్తియైన పిదప ఆ వరద దిగువకు వచ్చుట నిలిచిపోయినను, పల్లెలలోని కర్షకులు విత్తుటలను కోతలను కాప్టిక్ నెలల పేళ్లతోనే చెప్పుకొందురు. పొరుగుననున్న ఇథియోపియావారికిని ఆ దినమే సంవత్సరాది. వారి పెద్ద వానలు వెలిసి, బీళ్లనిండ పచ్చని పూవులు విరియు కాల మది; బాలికలు ఆ పూవులను పట్టుకొని ఇంటింట పాడుదురు.

నేడు లోకమంతయు నెఱిగిన జనవరి 1 రోమనులనుండి వచ్చినది. వారి తొలిలెక్కలో మార్చియే మొదటి నెల. సెప్టెంబరు అను పేరునకు ఏడవది యనియు, డిసెంబరునకు పదియవది యనియు అర్థమగుట యందుచేతనే. క్రీ. పూ. 153 నుండి రోమను అధికారులు జనవరి 1 న పదవి స్వీకరించుటచే ఆ దినమునకు ప్రాముఖ్యము కలిగినది. ఇంగ్లండులో 1752 వఱకును చట్టప్రకారము సంవత్సరాది మార్చి 25. భూముల కౌలుగడువులును ఆ దినముతోనే ముడివడి యుండెను. 1752 లో పంచాంగమును సవరించుటకై సెప్టెంబరు 2 మఱునాటిని 14 గా లెక్కించిరి. ఆ పదునొకండు దినముల సర్దుబాటు వలననే అచ్చటి పన్నుల సంవత్సరము నేటికిని ఏప్రిల్ 6 న ఆరంభమగుచున్నది. మన దేశమున ప్రభుత్వపు లెక్కల సంవత్సరము ఏప్రిల్ 1 న మొదలగు ఏర్పాటు 1867 నుండి వచ్చినది. మన సంఘముల లెక్కలును మార్చి 31 తో ముగియుచున్నవి.

దీనివలన సభ్యులు గ్రహింపవలసిన దేమనగా: మన తలమీద ఏకకాలమున మూడు సంవత్సరములు నడుచుచున్నవి. పండుగలకు ఉగాది, రెవెన్యూ పుస్తకమునకు ఫసలీ, సంఘపు లెక్కకు ఏప్రిల్. పంటఋణపు గడువు వీనిలో దేనితోను ముడివడినది కాదు. అది పంటనుబట్టి యేర్పడినది. "ఉగాది వెళ్లిన తరువాత చూతము" అని ఊరకున్న సభ్యునికి ఆలోపలనే గడువు దాటిపోవచ్చును.

2. విత్తనమును పశువును చూచుకొనుట

పారసీకదేశమైన ఇరానునందు సంవత్సరాదికి నౌరోజు అని పేరు, క్రొత్తదినమని యర్థము. పగలును రాత్రియు సమానమగు మార్చి 20, 21 తేదీలలో నది వచ్చును. ఆఫ్గనిస్థానము, తాజికిస్థానము మొదలగు దేశములందును ఈ పండుగ కలదు. దినములకు ముందుగనే ఇల్లంతయు దులిపి కడిగి, పళ్లెరములలో గోధుమలనో యవలనో చిఱుసెనగలనో మొలకెత్తింతురు. పదుమూడవనాడు కుటుంబములతో తోటలకు వెడలి ఆ మొలకలను పాఱునీటిలో విడుతురు. సుమారు వేయి సంవత్సరములకు పూర్వము అల్ బిరూనీ యను పండితుడు ఈ పండుగను వర్ణించుచు, ఏడు స్తంభములపై ఏడువిధములైన ధాన్యములను విత్తి, వాని పెరుగుదలనుబట్టి ఆ యేటి పంట నూహించెడివారని వ్రాసినాడు. మన పెండ్లిండ్లలో పాలికలయందు నవధాన్యములు మొలకెత్తించు నాచారమును మన మెఱుగుదుము.

ఏడాది పంటను పళ్లెములోని మొలక చెప్పజాలదు. కాని ఆ గింజ పొలములో మొలచునో మొలవదో అది తప్పక చెప్పును. కావున ఈ యాచారమును పనికివచ్చు పరీక్షగా మార్చుకొనవచ్చును. విత్తుటకుంచిన గింజలనుండి ఏఱకయే, చేతికి వచ్చినవి వచ్చినట్లుగా 100 గింజలు లెక్కపెట్టుడు. తడిపి పిండిన గోనెపట్టామీద పదేసి గింజలు పదివరుసలుగా నుంచి, చుట్టి, నీడపట్టున బెట్టి, ఆఱిపోకుండ నీరు చిలుకరించుచుండుడు. వారము పదిదినములలో ఎన్ని గింజలు చక్కని మొలక వేసినవో లెక్కింపుడు. ధ్రువీకరించిన విత్తనమునకు వరియందు నూటికి 80, కందియందు 75, వేరుసెనగయందు 70 తక్కువకాకుండ మొలవవలెనని నియమము కలదు. మీ వరి నూటికి 64 మాత్రమే మొలచిన యెడల, 20 కిలోలు చల్లవలసినచోట 25 కిలోలు చల్లినగాని అన్ని మొక్కలు రావు. వచ్చిన మొక్కలలోను బలహీనములు కలసియుండును గనుక విత్తనము మార్చుకొనుటయే మేలు. ఈ సంగతి ఉగాదికే తెలిసినచో సంఘములో విత్తనము అడుగుటకు వ్యవధి యుండును. తొలకరి పడిన తరువాత తెలిసినచో ఉపయోగము లేదు.

పశువుల విషయమున అస్సామువారి బిహు చెప్పుకొనదగినది. ఏప్రిల్ నడుమ వచ్చు వారి సంవత్సరాదికి ముందుదినము గోవులది. పశువులను ఏటికి తోలుకొనిపోయి, మినుములును పసుపును నూఱిన ముద్దతో రుద్ది కడిగి, సొఱకాయ వంకాయ ముక్కలు పెట్టి, క్రొత్తపలుపులు కట్టుదురు. సాయంకాలము కొట్టములో పొగవేసి ఈగలను దోమలను తఱుముదురు. మనకు కనుమనాడు జరుగునది వారికి ఉగాదివేళ జరుగుచున్నది. ఇట్లు ప్రతి పశువును చేతితో తడవి చూచునపుడు పుండును గిట్టపగులును కంటబడకపోవు. మన పల్లెలయందును ఉగాదికిని తొలకరికిని నడుమ ఒకనాడు మందనంతయు నొకచోట చేర్చి, గొంతువాపునకును జబ్బవాపునకును టీకాలు వేయించుట యలవాటు కావలెను. వానలు పడిన పిదప వచ్చు ఈ రోగములకు ముందే టీకా వేయింపవలెను.

కేరళమున విషునాడు తెల్లవారుజామున కన్నులు మూసికొనివచ్చి, బియ్యము, దోసకాయ, కొన్నపూవులు, నాణెము, అద్దము అమర్చిన పళ్లెమును మొదట చూతురు. పిమ్మట తొలిచాలు దున్నుదురు. చీనాదేశమున వసంతారంభమున మట్టితో ఎద్దునుజేసి కోలలతో కొట్టి, ఆ పెళ్లలను పొలములలో వేసికొనెడి యాచారము పూర్వము కలదు. చలికాలపు బద్ధకము వదలించి ఎద్దును పనికి లేపుట దాని భావము. యూదుల గ్రంథములందు సంవత్సరాదులు నాలుగు చెప్పబడినవి. అందొకటి చెట్లకు. షెబాటు మాసము 15 వ దినముతో చెట్టు వయస్సు లెక్కింపబడును. నాటిన మొదటి మూడేండ్ల కాపును తినరాదని వారి ధర్మశాస్త్రము. మామిడి, బత్తాయి తోటలుగల మన సభ్యులలో చెట్లు నాటిన సంవత్సరమును వ్రాసియుంచుకొన్నవారు అరుదు. చెట్టు ప్రాయము తెలియనిచో ఎరువు మోతాదును తెలియదు.

3. పాతబాకీ

ప్రాచీన బాబిలోను నగరమున సంవత్సరాదికి అకీటు అని పేరు. అది పండ్రెండు దినముల యుత్సవము. అందొకనాడు రాజు దేవళములోనికి రాగా, ప్రధానార్చకుడు రాజచిహ్నములను తీసివేసి, చెంపపై కొట్టి, దేవునియెదుట మోకరిల్లజేసెడివాడు. తాను నగరమును, దేవళమును, ప్రజలను ఉపేక్షింపలేదని రాజు చెప్పుకొనవలెను. ఆ తరువాతనే రాజచిహ్నములు తిరిగి యీయబడును. రాజంతవాడును ఏడాది కొకమారు లెక్క యొప్పజెప్పక తప్పదని వారి విశ్వాసము.

చీనావారి సంవత్సరాది జనవరి 21 కిని ఫిబ్రవరి 20 కిని నడుమ వచ్చు నొక అమావాస్యతో ఆరంభమగును. వంటింటి దేవత ఆ యింటివారి నడవడిని స్వర్గమున చెప్పుటకు పోవునని తలంచి, చెడ్డమాట చెప్పకుండుటకై ఆ దేవత పటము నోటికి జిగురుగానుండు మిఠాయి పూయుదురు. వంటింటి దేవత నోరు మూయవచ్చును గాని ఋణదాత నోరు మూయరాదు గదా! అందుచేత పాతబాకీలను సంవత్సరము ముగియకమునుపే తీర్చవలెననునది వారిలో గట్టినియమము. వంగదేశమున ఏప్రిల్ 14, 15 తేదీలలో వచ్చు వైశాఖపు తొలినాడు వర్తకులు ఎఱ్ఱయట్టల క్రొత్తఖాతా తెఱచి, ఖాతాదారులను పిలిచి, బాకీ పుచ్చుకొని మిఠాయి పెట్టుదురు. గుజరాతీలు దీపావళినాడు లెక్కపుస్తకములను పూజించి, మఱునాడు కార్తిక శుద్ధ పాడ్యమిని సంవత్సరాదిగా జరుపుకొందురు. క్యాలెండరు అను మాటకు మూలమైన లాటిను పదమునకు వడ్డీలెక్కల పుస్తకమని యర్థము. రోములో ప్రతినెల మొదటిదినమున వడ్డీలు చెల్లింపవలసి యుండెను. గోడకు వ్రేలాడు క్యాలెండరు పుట్టుకయందే బాకీ గుర్తు కలదు.

యూదుల ధర్మశాస్త్రమున ఇంకొక విశేషము కలదు. ప్రతి యేడవ సంవత్సరము భూమికి విశ్రాంతి నీయవలెను, ఋణములను విడిచిపెట్టవలెను. పేదవానిపై దయతో నేర్పడిన శాసన మిది. కాని యేడవయేడు దగ్గఱపడుకొలది ధనికులు అప్పు లిచ్చుట మానివేసిరి. పేదవానికి విత్తునకును తిండికిని అప్పు పుట్టలేదు. సుమారు రెండువేల సంవత్సరములకు పూర్వము హిల్లేలు అను ధర్మవేత్త దీనిని గమనించి, అప్పుపత్రమును న్యాయస్థానమునకు ఒప్పగించినచో అది రద్దుగాకుండునట్లు ఏర్పాటుచేసెను. అప్పు మరల పుట్టెను. మన దేశమున 1990 లోను 2008 లోను కేంద్రప్రభుత్వము ఋణమాఫీ చేసినది. 2014 నుండి రెండు తెలుగురాష్ట్రములయందును మాఫీలు ప్రకటింపబడినవి. కఱవువచ్చిన యేట మునిగినవానికి చేయూత న్యాయమే. కాని శక్తియుండియు మాఫీకై గడువుదాటించిన సభ్యుడు వడ్డీరాయితీని పోగొట్టుకొనును. మఱుపంటకు అప్పు పుట్టక వెలుపలి అప్పుపత్రమునకు వేలిముద్ర వేయును.

ఆ వెలుపలి యప్పు సంగతి చూడుడు. అనేక గ్రామములలో ఉగాది వేళకు జరుగు పని, పాతనోటు చించి క్రొత్తనోటు వ్రాయుట. నోటునకు మూడేండ్లు దాటిన కాలదోషము పట్టును గనుక ఋణదాత అంతకుముందే వడ్డీని అసలులో కలిపి తిరుగవ్రాయించుకొనును. కొందరు ఏటేట వ్రాయింతురు. ఒక రైతు నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెచ్చి, ఏమియు చెల్లింపక ఏటేట నోటు తిరుగవ్రాసెననుకొందము.

మొదటి ఉగాదికి 12,400.
రెండవ ఉగాదికి 15,376.
మూడవ ఉగాదికి 19,066.
నాలుగవ ఉగాదికి 23,642.
ఐదవ ఉగాదికి 29,316.

ఐదేండ్లలో అప్పు దాదాపు మూడురెట్లైనది. మొదటియేట వడ్డీ 2,400 మాత్రము తీర్చియున్నను, ఏటేట నట్లే చేసినచో అసలు పదివేలుగనే నిలిచి యుండెడిది. సంఘపు అప్పు నూటికి ఏడాదికి 7 రూపాయల చొప్పుననున్నచో ఆ పదివేలకు ఏడాదివడ్డీ 700 రూపాయలే. "రెండురూపాయల వడ్డీ" యని చెవికి చిన్నదిగా వినబడునది ఏడాదికి నూటికి 24 యని సభ్యులు ఇంటిలోని స్త్రీలకును చదువుకొన్న పిల్లలకును తెలియజెప్పవలెను.

4. ఉగాదివారమున సభ్యులు చేయవలసిన పనులు

ఉగాది మార్చి రెండవసగమునకును ఏప్రిల్ నడుమకును మధ్య వచ్చును. అప్పటికి తొలకరి పంట అమ్ముడుపోవును. రబీపంట చాలవఱకు ఇంటికి చేరును. క్రొత్తపెట్టుబడి యింకను మొదలుకాదు. లెక్క చూచుకొనుటకు ఇంతకంటె అనువైన వారము లేదు.

మొదటిది: ఒక నోటుపుస్తకము కొని, ప్రతి చేనికి రెండేసి పుటలు కేటాయించి, విత్తనము, ఎరువు, మందు, కూలి, దుక్కి, నీరు, కౌలు, అమ్మకము వ్రాయవలెను. ఇంటివారి కూలియు, ఇంటి యెరువు వెలయు వ్రాయక విడువరాదు.

రెండవది: సంఘపు అప్పు, బ్యాంకి అప్పు, చేబదులు, దుకాణపు బాకీ, నోటు అప్పు అన్నియు ఒకే పుటలో, వడ్డీని ఏడాదిలెక్కకు మార్చి వ్రాయవలెను. వడ్డీ యెక్కువైనదానిని ముందుగా తగ్గించుకొనవలెను. అయితే సంఘపు అప్పు గడువు మాత్రము దాటనీయరాదు.

మూడవది: సంఘపు అప్పునకు గడువుతేదీని కార్యదర్శి నడిగి తెలిసికొని, పంచాంగపు అట్టమీదనే వ్రాసికొనవలెను. చెల్లించిన ప్రతి సొమ్మునకును రసీదు పుచ్చుకొనవలెను.

నాలుగవది: పైన చెప్పిన మొలకపరీక్ష చేయవలెను.

ఐదవది: పశువైద్యుని పిలిపించు దినమును సంఘసభ్యులందఱు కలసి నిర్ణయించుకొనవలెను.

సంఘసమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన గ్రామమున పండుగకు, శిస్తునకు, సంఘమునకు, పాలేళ్ల జీతమునకు ఏయే సంవత్సరము వాడుకలో నున్నది?

2. అధికమాసమువలన ఏరువాక తేదీ యెట్లు మాఱును? విత్తుటకు దేనిని ప్రమాణముగా గైకొనవలెను?

3. వంగదేశపు వర్తకుని క్రొత్తఖాతాకును, మన గ్రామమున తిరుగవ్రాయు నోటునకును భేద మేమి?

4. హిల్లేలు చేసిన యేర్పాటువలన మేలుపొందిన దెవరు? అప్పిచ్చువాడా, అప్పు పుచ్చుకొనువాడా?

5. మీ యింట నిరుడు ఆదాయ మెంత? వ్యయ మెంత? ఈ ప్రశ్నకు ఇంటివద్ద వ్రాతమూలముగా ఉత్తరము సిద్ధముచేసికొని సమావేశమునకు తేవలెను. అంకెలు ఇతరులకు చూపనక్కఱలేదు. పుస్తకము చూపినచో చాలును.